చలి ముందు చేతులూ పాదాలూ

(స్మారకోపన్యాస పాఠం)

మనిషి దేహానికి రెండు ఉష్ణోగ్రతలున్నాయి. గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు ఉన్న లోపలి భాగం ఎండాకాలమైనా చలికాలమైనా 37 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా నిలకడగా ఉంటుంది. అది ఒక డిగ్రీ పెరిగితే జ్వరం అంటాం. 35 కంటే దిగితే వైద్యులు హైపోథెర్మియా అంటారు, ప్రాణం మీదికి వచ్చినట్టే చూస్తారు. చేతులకూ పాదాలకూ ఈ నియమం లేదు. హాయిగా ఉన్న గదిలో వేళ్ల చర్మం 32, 33 డిగ్రీల దగ్గర ఉంటుంది. చలిగాలిలో 15కు జారుతుంది, మంచునీళ్లలో ముంచితే 5 కంటే కిందికి పోతుంది. మళ్లీ వెచ్చని చోటికి చేరితే చాలాసార్లు ఏమీ జరగనట్టే కోలుకుంటుంది.

ఈ రెండు ఉష్ణోగ్రతలకూ సంబంధం ఉంది. అంచుల వేడి అంతగా మారగలదు కాబట్టే లోపలి వేడి మారకుండా ఉంటుంది. చలి పెరిగినప్పుడు దేహం తన అంచులను ఖర్చు పెట్టి నడిమిని కాపాడుకుంటుంది. కొద్దిసేపైతే ఆ ఖర్చు తిరిగి వస్తుంది. గంటలూ రోజులూ సాగితే అప్పుగా మారుతుంది. మరీ శ్రుతి మించితే వేళ్లే పోతాయి. ఈ మూడు దశల మధ్య గీతలు ఎక్కడ పడతాయి, అవి దాటుతున్న సంగతి మనిషికి ఎందుకు తెలియదు అన్నదే ఈ ఉపన్యాస విషయం.

1. అంచుల నిర్మాణం

వేడి పోయేది ఉపరితలం మీదుగా, నిల్వ ఉండేది పరిమాణంలో. స్తంభంలాంటి వస్తువు ఎంత సన్నబడితే, దాని పరిమాణంతో పోల్చినప్పుడు ఉపరితలం అంత పెరుగుతుంది. 30 సెంటీమీటర్ల మందమున్న మొండేన్నీ, 1.6 సెంటీమీటర్ల మందమున్న వేలినీ రెండు స్తంభాలుగా అనుకుని లెక్క కడితే, ప్రతి ఘన సెంటీమీటరుకూ వేలు బయటి గాలికి అప్పగించే ఉపరితలం మొండెం కంటే దాదాపు 19 రెట్లు ఎక్కువ. కాగులో కాచిన నీళ్లు చాలాసేపు వెచ్చగా ఉంటాయి, అవే నీళ్లు గ్లాసులో పోస్తే నిమిషాల్లో చల్లారతాయి. వేలి పరిస్థితి ఆ గ్లాసుదే.

పైగా వేళ్లలో వేడి పుట్టించే కండ లేదు. వేళ్లను ఆడించే ప్రధాన కండరాలు ముంజేతిలో ఉంటాయి. వాటి స్నాయువులు మాత్రమే తాళ్లలాగా వేళ్లలోకి వస్తాయి. కాలివేళ్లను కదిపే పెద్ద కండరాలు కూడా మోకాలి దిగువన, కాలిలోనే ఉన్నాయి. చలికి ఒళ్లు వణికినప్పుడు ఆ వణుకు పుట్టించే వేడి మొండెంలో, తొడల్లో, భుజాల్లో పుడుతుంది. వేళ్లు స్వయంగా సంపాదించుకునేది బహు స్వల్పం. వాటికి వెచ్చదనం చేరేది నెత్తురు ద్వారానే.

ఆ నెత్తురు చేరే ఏర్పాటు కూడా ప్రత్యేకమైనది. అరచేతులు, అరికాళ్లు, వేళ్ల కొసలు, ముక్కు, పెదవులు, చెవులు ఉన్న చోట చర్మం కింద ధమనులను నేరుగా సిరలతో కలిపే అడ్డదారులు ఉంటాయి. సన్నని కేశనాళికలను తప్పించి నెత్తురును పెద్ద మొత్తంలో ఒకేసారి పంపగల గొట్టాలివి. వీటి గోడల్లో దట్టమైన కండర పొర ఉంటుంది, దాని మీద నాడుల అదుపు బలంగా ఉంటుంది. అవి పూర్తిగా తెరుచుకున్నప్పుడూ పూర్తిగా మూసుకున్నప్పుడూ వేలిలో పారే నెత్తురుకు సుమారు నూరు రెట్ల తేడా వస్తుంది. దేహంలో ఇంత తేడా చూపగల చోట్లు అరుదు. చేతులూ పాదాలూ పనిముట్లు మాత్రమే కావు, దేహం తన వేడిని వదిలించుకోవడానికో ఆపుకోవడానికో వాడుకునే తలుపులు కూడా. వేసవిలో అరచేతులు వెచ్చగా ఎర్రబడటం, శీతకాలపు తెల్లవారుజామున అవే పాలిపోవడం ఒకే తలుపు తెరిచి మూయడం.

2. తలుపులు మూసుకునే తీరు

చలిని ముందుగా పసిగట్టేది చర్మంలోని నాడీ తంతువుల కొసలు. వాటి పొరల్లో టీఆర్‌పీఎం8 అనే ప్రోటీన్ ఉంటుంది. చర్మం సుమారు 26 డిగ్రీల కిందికి చల్లబడితే అది తెరుచుకుని నాడిలో సంకేతం పుట్టిస్తుంది. మెంథాల్ తగిలినా తెరుచుకుంటుంది. పిప్పర్మెంటు బిళ్ల చప్పరించినప్పుడు నోరు చల్లబడ్డట్టు అనిపించడానికి కారణం అదే. డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపౌటియన్ 2002లో ఎవరికి వారుగా దీన్ని గుర్తించారు. ఉష్ణోగ్రత, స్పర్శ గ్రాహకాలను కనుగొన్నందుకు 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఈ ఇద్దరికీ దక్కింది.

సంకేతం మెదడులోని హైపోథలామస్‌కు చేరుతుంది. అక్కడి నుంచి సహానుభూత నాడీ వ్యవస్థ ద్వారా ఆజ్ఞ తిరిగి వస్తుంది. నాడుల కొసల్లో నార్‌అడ్రినలిన్ విడుదలై, రక్తనాళాల గోడల్లోని కండరాన్ని బిగిస్తుంది. అడ్డదారులు మూసుకుంటాయి. ఈ పై నుంచి వచ్చే ఆజ్ఞకు తోడు స్థానికంగా మరో ఏర్పాటుంది. నాళం తానే చల్లబడినప్పుడు, అప్పటిదాకా కండర కణం లోపల దాగి ఉన్న ఒక రకం గ్రాహకాలు పైపొరకు చేరతాయి. దాంతో అంతకు ముందున్న నార్‌అడ్రినలిన్‌కే నాళం మరింత గట్టిగా బిగుసుకుంటుంది. అందుకే ఒళ్లంతా వెచ్చగా ఉన్నా, చల్లని నీళ్లలో ముంచిన ఒక్క చేయి పాలిపోతుంది.

మూడో ఏర్పాటు జబ్బలోనూ తొడలోనూ ఉంది. లోతుగా సాగే ధమనికి ఇరుపక్కలా సిరలు అంటుకుని ఉంటాయి. ఉక్కపోత రోజుల్లో చేతి నుంచి తిరిగివచ్చే నెత్తురు చర్మం కింది సిరల్లో పారుతుంది, అందుకే అవి ఉబ్బి కనబడతాయి. చలిలో అదే నెత్తురు లోతు సిరల దారి పడుతుంది. వేళ్ల నుంచి చల్లబడి వస్తున్న నెత్తురు, గుండె నుంచి వెచ్చగా దిగుతున్న ధమని పక్క నుంచే సాగుతూ దాని వేడిని తీసుకుని లోపలికి మళ్లిస్తుంది. వేడి మణికట్టు చేరకముందే ఇంటికి తిరిగి వస్తుంది. చలిలో ఉన్న మనిషి మణికట్టు ధమనిలోని నెత్తురు 30 డిగ్రీల కంటే బాగా తక్కువకు దిగగలదు. మంచు మీద నిలబడే నీటిపక్షుల కాళ్లలోనూ, ధ్రువప్రాంతపు రెయిన్‌డీర్ కాళ్లలోనూ ప్రకృతి ఇదే ఎదురుపారుదల ఏర్పాటును ఇంకా పదునుగా వాడుకుంది.

అంచుల నుంచి మళ్లిన నెత్తురు నడిమికి చేరుతుంది. అక్కడ రక్తం పరిమాణం ఎక్కువైందని దేహం భావించి, మూత్రపిండాల ద్వారా నీటిని బయటికి పంపుతుంది. చలిలో మాటిమాటికీ మూత్రానికి పోవాల్సి రావడానికి ఇదే కారణం. గంటల తరబడి ఇలా సాగితే ఒంట్లో నీరు తగ్గి నెత్తురు చిక్కబడుతుంది, వేళ్లకు అందే కొద్దిపాటి ప్రవాహం ఇంకా నెమ్మదిస్తుంది.

3. మూసిన తలుపు నడుమ నడుమ తెరుచుకోవడం

చలి కొనసాగినంతసేపూ తలుపు మూసే ఉంటే వేళ్లు త్వరగా దెబ్బతినాలి. అలా జరగదని లండన్ వైద్య శాస్త్రజ్ఞుడు సర్ థామస్ లూయిస్ 1930లో చూపించాడు. మంచునీళ్లలో వేలిని ముంచి ఉంచి, దాని ఉష్ణోగ్రతను ఎడతెగకుండా కొలిచాడు. మొదటి కొన్ని నిమిషాల్లో వేలు దాదాపు నీటి చల్లదనానికి చేరింది, తీవ్రంగా నొప్పి పుట్టింది. ఐదు నుంచి పది నిమిషాలు గడిచాక, నీళ్లు అంతే చల్లగా ఉన్నా, వేలు వెచ్చబడటం మొదలైంది. కొన్ని డిగ్రీలు పెరిగింది, నొప్పి తగ్గింది. కాసేపటికి మళ్లీ చల్లబడింది, మళ్లీ వెచ్చబడింది. ఈ ఊగిసలాటకు లూయిస్ ఇంజనీర్ల మాటను అరువు తెచ్చుకున్నాడు. యంత్రాల వేగాన్ని అదుపు చేసే పరికరం సరైన స్థానం దొరకక అటూ ఇటూ ఊగడాన్ని వారు హంటింగ్ అంటారు. ఆ పేరే దీనికీ నిలిచిపోయింది.

మరీ చల్లబడినప్పుడు నాళపు గోడలోని కండరం నార్‌అడ్రినలిన్‌కు స్పందించే శక్తిని కోల్పోయి వదులవుతుందని, వెచ్చని నెత్తురు వచ్చి దాన్ని మేల్కొల్పగానే మళ్లీ బిగుసుకుంటుందని ఒక వివరణ. నాడుల పాత్రను ముందుకు తెచ్చే వివరణలూ ఉన్నాయి. కారణం ఏదైనా ఫలితం స్పష్టం. లోపలి వేడిని పొదుపు చేస్తూనే, వేళ్లు పూర్తిగా చచ్చుబడకుండా దేహం విడతలవారీగా కొంత నెత్తురు పంపుతుంది.

ఈ దాతృత్వానికి ఒక షరతుంది. మిగతా ఒళ్లు వెచ్చగా ఉన్నప్పుడు అది బలంగా కనిపిస్తుంది. ఒళ్లంతా చల్లబడితే బాగా తగ్గిపోతుంది. నడిమి భాగానికే కరువు వచ్చినప్పుడు అంచులకు పంపడానికి ఏమీ మిగలదు. కనుక చేతులు కాపాడుకోవాలంటే చేతి తొడుగులు చాలవు, ఛాతీకీ తలకూ మెడకూ కప్పు ఉండాలి, కడుపులో తిండి పడి ఉండాలి. చలిలో పల్లెవాళ్లు చేతులు చంకల్లో పెట్టుకుని, ఒళ్లు ముడుచుకుని, దుప్పటి తల మీదుగా కప్పుకోవడం ఈ శాస్త్రానికి సరిగ్గా సరిపోయే పద్ధతి.

4. గంటలు గడిచేకొద్దీ: స్పర్శ, పట్టు, నొప్పి

చల్లబడుతున్న చేయి ఒక క్రమంలో తన శక్తులను వదులుకుంటుంది. వేళ్ల చర్మం 20 డిగ్రీలకు దిగితే ఇబ్బంది మొదలవుతుంది. 15 దగ్గర గుండీ పెట్టుకోవడం, ముడి విప్పడం లాంటి నాజూకు పనులు తడబడతాయి, నొప్పి పెరుగుతుంది. 7, 8 డిగ్రీలకు చేరేసరికి స్పర్శ పోతుంది.

దీని వెనుక మూడు మార్పులు కలిసి పనిచేస్తాయి. మొదటిది నాడులది. చేతి నాడుల్లో సంకేతం మామూలుగా సెకనుకు 50, 60 మీటర్ల వేగంతో సాగుతుంది. నాడి చల్లబడే ప్రతి డిగ్రీకీ ఆ వేగం సుమారు ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు తగ్గుతుంది. 10 డిగ్రీల ప్రాంతంలో సంకేతం ఆగిపోవడం మొదలవుతుంది. రెండోది కీళ్లది. కీళ్ల సందుల్లోని జిగురు ద్రవం చల్లబడి చిక్కబడుతుంది, వేలు వంచడానికి ఎక్కువ బలం కావాలి. మూడోది కండరాలది. ముంజేయి చల్లబడితే కండరం నెమ్మదిగా బిగుసుకుంటుంది, నెమ్మదిగా వదులవుతుంది. వేళ్లు సగం ముడుచుకుని తిరిగి చాపుకోలేని ఆ స్థితినే తెలుగులో కొంకర్లు పోవడం అంటారు. పర్వతారోహకుడు తాడు ముడి వేయలేకపోవడం, జాలరి జారిన పడవ అంచును పట్టుకోలేకపోవడం, సైనికుడు తుపాకీ మీట నొక్కలేకపోవడం ఇక్కడే జరుగుతాయి. గాయం ఇంకా కాకముందే ప్రాణాపాయం మొదలైపోతుంది.

వీటన్నిటిలో మోసకరమైనది నొప్పి ప్రవర్తన. చల్లబడుతున్నంతసేపూ నొప్పి ఉంటుంది. మరీ చల్లబడ్డాక పోతుంది. చలిలో ఉన్న మనిషి దాన్ని అలవాటు పడటంగా, ఉపశమనంగా భావిస్తాడు. జరిగింది వేరు. వార్త మోసే నాడి మూగబోయింది. కణజాలానికి గండం దగ్గరపడే ఘడియలోనే దాని కేక ఆగిపోతుంది. దీర్ఘకాలపు చలి గాయాల్లో ఎక్కువ భాగం ఈ నిశ్శబ్దంలోనే జరుగుతాయి.

5. చలికి అలవాటు పడటం

తరచుగా చలికి గురయ్యేవాళ్ల చేతులు కొంత మారతాయి. కెనడాలోని గాస్పే తీరపు జాలర్లను 1960 ప్రాంతంలో పరీక్షించినప్పుడు, చల్లని నీళ్లలో వాళ్ల చేతులు ఇతరుల చేతుల కంటే వెచ్చగా ఉండటం, నొప్పి తక్కువగా ఉండటం కనిపించింది. బ్రిటన్‌లో మంచులో ఉంచిన చేపలను కోసే పనివాళ్లలో లూయిస్ చూపిన వెచ్చబాటు త్వరగా మొదలవుతుందని 1962 నాటి అధ్యయనం తేల్చింది. ధ్రువప్రాంతపు ఇన్యూయిట్ ప్రజల చేతుల్లో రక్తప్రవాహం ఎక్కువ. ఆస్ట్రేలియా మధ్య ఎడారిలో బట్టలు లేకుండా చలి రాత్రులు నిద్రపోయిన ఆదివాసుల్లో దీనికి విరుద్ధమైన అలవాటు కనిపించింది. వాళ్ల పాదాలు మరింత చల్లబడేవి, వాళ్లు మాత్రం కలత లేకుండా నిద్రపోయేవారు. అలవాటు అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు ఎత్తుగడలున్నాయి. ఒకటి అంచులకు ఎక్కువ నెత్తురు పంపడం, రెండోది అంచులను మరింత వదిలేసి నడిమిని కాపాడటం.

ఈ ఓర్పు శాశ్వతం కాదు. కొరియాలో సముద్రంలో మునిగి గవ్వజీవులను ఏరే హెన్యో స్త్రీలు తరతరాలుగా పలుచటి నూలు దుస్తులతోనే శీతజలాల్లో దిగేవారు. 1970లలో రబ్బరు ఈత దుస్తులు వచ్చాక, కొద్ది సంవత్సరాల్లోనే వాళ్ల దేహాల్లోని చలి ఓర్పు మాయమైంది.

భారతదేశంలో ఈ ప్రశ్న యుద్ధంతో ముందుకు వచ్చింది. 1962 చైనా యుద్ధంలో మైదాన ప్రాంతాల సైనికులు నూలు దుస్తులతో, కాన్వాస్ బూట్లతో హిమాలయాల ఎత్తుల్లో పోరాడారు. తుపాకీ గుళ్లతో పాటు చలి కూడా వాళ్లను కూల్చింది. అదే సంవత్సరం ఏర్పడిన రక్షణ శరీరధర్మ శాస్త్ర సంస్థ అప్పటి నుంచి ఎత్తు, చలి, ప్రాణవాయువు కొరత కలిసి సైనికుల మీద చూపే ప్రభావాన్ని అధ్యయనం చేస్తోంది. 1984 ఏప్రిల్ 13న మొదలైన ఆపరేషన్ మేఘదూత్ తర్వాత సియాచిన్ మీద సైన్యం ఏడాది పొడవునా ఉంటోంది. 6,000 మీటర్లకు పైబడిన స్థావరాల్లో శీతకాలపు ఉష్ణోగ్రత మైనస్ 50 దాకా పడిపోగలదు. అక్కడ శత్రువు తూటాల కంటే వాతావరణానికి బలైన సైనికులే ఎక్కువ. తెలుగు పల్లెల నుంచి వెళ్లిన యువకులు కూడా ఆ స్థావరాల్లో కాపలా కాస్తున్నారు. 40 డిగ్రీల ఎండలో పెరిగిన దేహానికి అలవాటు పడే గడువు ఇవ్వకుండా ఆ ఎత్తుకు పంపకూడదన్నది ఎన్నో వేళ్లు, ఎన్నో ప్రాణాలు పోయాక నేర్చిన నియమం.

6. గడ్డకట్టకుండానే అయ్యే గాయం

చలి గాయానికి మంచు ఉండి తీరాలన్నది పెద్ద అపోహ. 0 నుంచి 15 డిగ్రీల మధ్య, తడిగా, కదలకుండా, గంటలు లేదా రోజులు గడిపిన పాదాలు నీరు గడ్డకట్టకుండానే దెబ్బతింటాయి. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగుతుంది. నాళాలు అంతసేపు మూసుకునే ఉండటంతో నాడులకూ సన్నని నాళాల లోపలి పొరకూ ప్రాణవాయువు అందదు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్, బెల్జియం కందకాల్లో మోకాలి లోతు బురదనీళ్లలో నిలబడిన సైనికులకు ఈ జబ్బు కందకపు పాదం అనే అర్థమిచ్చే పేరుతో వ్యాపించింది. యుద్ధం ముగిసేలోపు సుమారు 75,000 మంది బ్రిటిష్ సైనికులు దీని బారిన పడ్డారని లెక్క. 1914-15 చలికాలంలో అదే కందకాల్లో భారతీయ దళాలు కూడా ఉన్నాయి. 1982లో ఫాక్‌లాండ్ దీవుల యుద్ధంలో, ఆధునిక బూట్లు ఉన్న సైన్యంలోనూ అదే గాయం తిరిగి వచ్చింది.

దీని నడక విచిత్రంగా ఉంటుంది. చలిలో ఉన్నప్పుడు పాదం తెల్లగా, మొద్దుగా ఉంటుంది. దూది మీద నడుస్తున్నట్టు ఉందని రోగులు చెబుతారు. వెచ్చని చోటికి తెచ్చిన తర్వాత కొన్ని గంటలకు అది ఎర్రబడి, ఉబ్బి, మండిపోతుంది. ఈ దశ రోజుల నుంచి వారాల దాకా సాగుతుంది. ఆ తర్వాత పైకి మామూలుగా కనిపించే పాదం నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు, చిన్న చలికే పాలిపోతుంది, నొప్పెడుతుంది, చెమట పడుతుంది. చర్మం మానినా నాడి మానలేదని దాని అర్థం. ఈ కోవలోనే తేలికపాటిది చిల్‌బ్లెయిన్స్. తేమతో కూడిన చలి తగిలిన కొద్ది గంటలకు వేళ్ల మీద ఎర్రని, ఊదారంగు ఉబ్బులు లేచి దురద, మంట పెడతాయి, రెండు మూడు వారాల్లో తగ్గుతాయి.

తెలుగు నేలకు అతి దగ్గరి ఉదాహరణ ఇక్కడే ఉంది. రొయ్యల సాగులో దేశంలోనే ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో, కోస్తా పొడవునా ఉన్న ప్రాసెసింగ్ ప్లాంట్లలో రొయ్యల తలలు తీసి పొట్టు ఒలిచే పని ఎక్కువగా ఆడవాళ్లు చేస్తారు. సరుకు చెడకుండా మంచుగడ్డల మధ్య ఉంచుతారు. పలుచటి తొడుగుల్లోని వేళ్లు గంటల తరబడి ఆ మంచునీళ్లలోనే ఆడతాయి. బయట 38 డిగ్రీల ఎండ కాస్తున్నా, ఆ వేళ్లున్న వాతావరణం కందకంలోని పాదానికి దగ్గరిది. తిమ్మిరి, పాలిపోవడం, పట్టు తగ్గడం, కత్తి కోసుకున్నా వెంటనే తెలియకపోవడం ఆ పనిలో ఎదురయ్యే ముప్పులు. వాటిని మామూలు అలసటగా కొట్టిపారేయడం అన్యాయం. అవి ఈ ఉపన్యాసం చెప్పిన క్రమంలోని తొలి మెట్లు.

7. కణజాలం గడ్డకట్టినప్పుడు

గాలి ఉష్ణోగ్రత 0 కంటే తక్కువైనప్పుడు మంచుకాటు ప్రమాదం మొదలవుతుంది. దేహంలోని ద్రవాల్లో లవణాలు ఉన్నందువల్ల కణజాలం మైనస్ అర డిగ్రీ దగ్గర గడ్డకట్టగలదు. పొడి చర్మం కొన్నిసార్లు అంతకంటే బాగా కిందికి చల్లబడినా గడ్డకట్టకుండా నిలుస్తుంది, తడి చర్మానికి ఆ వెసులుబాటు తక్కువ. గాలి వీస్తే ప్రమాదం రెట్టిస్తుంది. అంటార్కిటికాలో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ ప్లాస్టిక్ గొట్టంలో పోసిన నీరు గాలి వేగాన్ని బట్టి ఎంతసేపట్లో గడ్డకడుతుందో కొలిచి, 1945లో ప్రకటించిన ఫలితాలే నేటి గాలిచలి సూచికకు మూలం. ఆ సూచిక మైనస్ 28 కంటే దిగితే, కప్పుకోని చర్మానికి 10 నుంచి 30 నిమిషాల్లో మంచుకాటు తగలవచ్చు. టొరంటోలోనో షికాగోలోనో మొదటి చలికాలం గడిపే తెలుగు విద్యార్థులు రోజూ చూసుకోవలసిన అంకె అది.

మంచు మొదట కణాల మధ్య సందుల్లో ఏర్పడుతుంది. ఆ స్ఫటికాలు నీటిని తమలోకి లాక్కోవడంతో మిగిలిన ద్రవంలో లవణాల గాఢత పెరుగుతుంది. కణాల్లోని నీరు బయటికి వచ్చి అవి ఎండిపోతాయి, పొరలు చిరుగుతాయి. రెండో దెబ్బ కరిగినప్పుడు పడుతుంది. నెత్తురు తిరిగి పారగానే దెబ్బతిన్న నాళాల లోపలి పొర ఊడి, వాపు పుట్టించే రసాయనాలు విడుదలై, నిమిషాల్లో చిన్నచిన్న గడ్డలు ప్రవాహానికి అడ్డుపడతాయి. మంచు చంపని కణాలను నెత్తురు అందకపోవడం చంపుతుంది.

మంచుకాట్లలో దాదాపు 90 శాతం చేతులకూ పాదాలకూ తగులుతాయి. చర్మం మైనంలా తెల్లగా, చెక్కలా గట్టిగా మారుతుంది. కరిగాక తేటనీటి బొబ్బలు లేస్తే గాయం పైపొరల్లో ఆగిందని ఆశ. నెత్తుటి బొబ్బలు లేస్తే లోతుకు దిగిందని సూచన. చచ్చిన భాగం నల్లబడి ఎండి, బతికిన భాగం నుంచి వేరుపడటానికి వారాలు, నెలలు పడుతుంది. అందుకే తొందరపడి కోయకూడదని శస్త్రవైద్యుల నియమం. 1950 జూన్ 3న మారిస్ హెర్జోగ్, లూయీ లాషెనల్ అన్నపూర్ణ శిఖరం చేరి, 8,000 మీటర్లు దాటిన శిఖరాన్ని మొదటిసారి అధిరోహించారు. దిగేటప్పుడు హెర్జోగ్ చేతి తొడుగులు జారి లోయలో పడ్డాయి. ఆ విజయానికి అతడు కాలివేళ్లన్నిటినీ, చేతివేళ్లలో చాలా భాగాన్నీ మూల్యంగా చెల్లించాడు.

8. మళ్లీ వెచ్చబరచడం

నెపోలియన్ సైన్యంలోని శస్త్రవైద్యుడు డొమినిక్ లారే 1807 ఐలౌ యుద్ధంలో ఒక సంగతి గమనించాడు. గడ్డకట్టించే చలి ఉన్నన్ని రోజులూ సైనికులు పాదాల గురించి ఫిర్యాదు చేయలేదు. వాతావరణం వెచ్చబడి మంచు కరిగినప్పుడు నొప్పి, వాపు, కుళ్లు బయటపడ్డాయి. చలిమంటల దగ్గర పాదాలు కాచుకున్నవారి పరిస్థితి మరీ ఘోరమైంది. మొద్దుబారిన చర్మానికి మంట వేడి తెలియదు, కాలుతున్నా తీసుకోరు. అందువల్ల లారే నెమ్మదిగా వెచ్చబరచాలని, మంచుతో రుద్దాలని చెప్పాడు. మంట ప్రమాదం గురించి అతడు చూసింది నిజం. మంచుతో రుద్దడం మాత్రం గడ్డకట్టిన కణజాలాన్ని ఇంకా చిదిమేసే పని. అయినా ఆ సలహా శతాబ్దానికి పైగా వైద్యంలో నిలిచింది.

1960లలో అలాస్కా వైద్యుడు విలియం మిల్స్ వేగంగా వెచ్చబరచడమే మేలని తన రోగుల అనుభవంతో నిరూపించాడు. నేటి పద్ధతి అదే. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో, ఉష్ణోగ్రత తగ్గకుండా చూస్తూ, చర్మం ఎర్రబడి మెత్తబడేదాకా సుమారు అరగంట ముంచాలి. రుద్దకూడదు, మంటకు చూపకూడదు. మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉంటే కరిగించనే కూడదు, ఎందుకంటే కరిగి తిరిగి గడ్డకట్టిన వేలికి నష్టం ఎన్నో రెట్లు. ఆ తర్వాత మందుల వంతు. నాళాలను తెరిచి గడ్డలను నివారించే ఇలోప్రోస్ట్ మీద ఫ్రాన్స్ వైద్యులు తీవ్ర మంచుకాటు తగిలిన 47 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఆస్పిరిన్‌తో పాటు ఆ మందు మాత్రమే తీసుకున్న వర్గంలో ఒక్కరికీ వేలు తీసేయాల్సి రాలేదు. 2024లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తీవ్ర మంచుకాటుకు ఈ మందును ఆమోదించింది.

9. ముప్పు ఎక్కువ ఉన్నవారు, కాపాడే పద్ధతులు

ఒకే చలి అందరి వేళ్లనూ ఒకేలా తాకదు. మారిస్ రేనో 1862లో పారిస్‌లో సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో, కొద్దిపాటి చలికే వేళ్లు తెల్లబడి, నీలంగా మారి, చివరకు ఎర్రబడే స్థితిని వర్ణించాడు. ఇది స్త్రీలలో ఎక్కువ. కొందరిలో స్క్లెరోడెర్మా వంటి జబ్బులకు ఇదే తొలి గుర్తు. అదురుతూ పనిచేసే యంత్రాలు పట్టుకునేవారి వేళ్లూ ఇలాగే తెల్లబడతాయి. అమెరికా వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ 1918లో ఇండియానా రాష్ట్రపు సున్నపురాతి పనివాళ్లలో దీన్ని గుర్తించింది. మధుమేహం వల్ల నాడులు దెబ్బతిన్నవారికి పాదంలో స్పర్శ ముందే తక్కువ, చలి తెలిసేది ఇంకా ఆలస్యం. పొగాకులోని నికోటిన్ నాళాలను బిగిస్తుంది. మద్యం చర్మాన్ని ఎర్రబరిచి వెచ్చబడ్డ భ్రమ కలిగిస్తుంది, లోపలి వేడిని బయటికి పంపేస్తుంది, పైగా వివేకాన్ని తీసుకుపోతుంది. బిగుతు బూట్లు, తడి మేజోళ్లు, ఆకలి, అలసట, కదలకుండా కూర్చోవడం అన్నీ ఒకే వైపు తోస్తాయి.

నివారణ అంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది. మొద్దుబారిన అవయవం తన సంగతి తాను చెప్పలేదు, దాని బదులు కన్ను, గడియారం, తోటి మనిషి చెప్పాలి. మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లో పాదాల జబ్బును తగ్గించింది కొత్త మందు కాదు. రోజూ బూట్లు విప్పించి, సైనికులను జతలు చేసి, ఒకరి పాదాలు ఒకరు చూసి తుడిచి, తిమింగలపు నూనె రాసి, పొడి మేజోళ్లు తొడిగించిన క్రమశిక్షణ. హిమపర్వతాల మీద తోడుగా నడిచేవారు ఒకరి ముక్కు, చెంపలు ఒకరు చూసుకోవడం ఆ పద్ధతే.

రొయ్యల ప్లాంట్లలోని మంచునీళ్ల బల్లల దగ్గరా అదే వర్తిస్తుంది. రబ్బరు తొడుగు లోపల పొడి నూలు తొడుగు, తడిస్తే మార్చుకోవడానికి ఇంకో జత, గడియారం చూసి ఇచ్చే విరామాలు, ఆ విరామంలో చేతులు ముంచడానికి గోరువెచ్చని నీళ్లు, వేలు తెల్లబడ్డ కార్మికురాలిని వెంటనే పొడి పనికి మార్చే పర్యవేక్షణ ఉండాలి. ఇవేవీ ఖరీదైనవి కావు. చేతికి నొప్పి తెలుస్తున్నంతసేపూ అది తన్ను తాను కాపాడుకుంటుంది. నొప్పి ఆగిన క్షణం నుంచి దాన్ని కాపాడే బాధ్యత పని పెట్టినవారిదీ, పక్కన నిలబడినవారిదీ.